కొండెక్కితే నవ్వాలా?

ఆదివారం తెల్లవారుజామున మేమిద్దరం నీళ్ల సీసా, పులిహోర పొట్లం సంచిలో వేసుకుని అచ్చంపేట బస్టాండుకు నడుస్తుంటే, అరుగుల మీది పెద్దలు “పెళ్లికా, పరామర్శకా?” అని అడుగుతారు. కోటప్పకొండ ఎక్కడానికంటే “శివరాత్రి ఇంకా రాలేదుగా!” అని నవ్వుతారు.

కోపం లేదు గాని ఒక మాట. నెత్తిన గడ్డిమోపుతో ఆడమనిషి పొలం నుంచి నడిచి వస్తే ఎవరూ నవ్వరు. అదే మనిషి చేతులూపుకుంటూ మొగుడి పక్కన నడిస్తే వింతా?

కోటప్పకొండ కథే చూడండి. గొల్లభామ స్వామిని కొలవడానికి రోజూ రుద్రశిఖరం ఎక్కేదట. గర్భిణిగా ఎక్కలేకపోతే స్వామే వెంట దిగివచ్చాడని, ఆమె వెనుదిరిగి చూసిన బ్రహ్మశిఖరం మీద నిలిచిపోయాడని చెబుతారు. ఆమెను చూసి ఎవరు నవ్వారో కథలో లేదు!

ఘాట్ రోడ్డున్నా మేం మెట్లదారినే వెళతాం. మొదటిసారి ఆయాసంతో నాలుగుచోట్ల కూలబడింది నేనే. మూడోసారి పాత కోటప్పగుడి దాకా వెళ్లాం. ముప్ఫై ఏళ్ల కాపురంలో పిల్లల చదువులు, అప్పులు కాక వేరే కబుర్లు చెప్పుకున్నది ఆ దారిలోనే. ఆమె చిన్నప్పుడు ఈత కొట్టేదని నాకు అక్కడే తెలిసింది.

వచ్చేవారికి చలికాలం మేలు. పల్నాటి వేసవిలో వద్దు. మాచర్ల వైపు నల్లమలలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా పోరాదు. అది 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన పులుల అడవి. మేం వచ్చే నెల కొండవీడు అనుకుంటున్నాం. రెడ్డిరాజుల కోట, కొండపైన చెరువులు చూడాలని ఆమె కోరిక.