దీపం తీర్పు కాదు

డాష్‌బోర్డు మీద పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలిగిందా, "స్కానరు చెప్పింది, పార్టు మార్చాలి" అన్న మాట మా పాతబస్తీ షెడ్లలో వేదవాక్యమై కూర్చుంటున్నది. యంత్రం అబద్ధమాడదు కదా అని యజమాని మారుమాటాడడు. అబద్ధమాడదు, నిజమే. అసలది ఏం చెప్పిందో అడిగిన నాథుడేడీ?

2010 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-4 ప్రమాణాలు అమలైన 13 నగరాలలో మన హైదరాబాదు ఒకటి. ఓబీడీ అనే ఈ స్వయంనిదాన వ్యవస్థ కొత్త కార్లకు వాటితోనే తప్పనిసరి అయింది. పొగలోని విషం హద్దు మీరితే హెచ్చరించడం దాని ధర్మం. షెడ్డుకు బేరం తేవడం కాదు.

వ్యాకరణం చదువుకున్నవాణ్ణి కనుక ఆ కోడు నాకు సూత్రంలా కనిపిస్తుంది. పీ0420నే తీసుకోండి. 'పీ' ఇంజను, గేరుబాక్సుల విభాగం. పక్కనున్న సున్న అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడని గుర్తు. భావం: క్యాటలిటిక్ కన్వర్టరు పనితనం హద్దుకన్న తగ్గినట్టు తోస్తున్నది. కన్వర్టరుకు ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. ముందుదాని రీడింగు ఊగుతుంది, వెనుకది నిలకడగా ఉండాలి. అదీ ఊగితే కంప్యూటరుకు అనుమానం. సాధారణంగా మరొక ప్రయాణంలోనూ అదే కనబడితేనే దీపం వెలిగిస్తుంది. పొగగొట్టానికి చిల్లు పడినా, సెన్సారే చెడినా ఇదే కోడు రావచ్చు. వ్యాఖ్యానం లేకుండా సూత్రార్థం తేల్చే పండితుణ్ణి సభలో కూర్చోనిస్తామా? మరి వేలకు వేలు పెట్టి కన్వర్టరు మార్చమంటే ఎందుకు తలూపుతున్నాం?

అంతకన్న ఘోరం, కోడు చెరిపి బండి అప్పగించడం. లోపం పుట్టిన క్షణాన ఇంజను వేగమెంత, వేడెంత, భారమెంత అన్న నమోదు కూడా దానితో తుడిచిపెట్టుకుపోతుంది. దీపం ఆరింది, రోగం మిగిలింది. ఆ పొగ పీల్చేది చార్మినారు చుట్టూ తోపుడుబండ్లు నెట్టుకునేవారు. దీపం మినుకుమినుకుమంటే మరీ ప్రమాదం: సిలిండరులో మండని పెట్రోలు కన్వర్టరులోకి చేరి దాన్నే కాల్చివేస్తున్నదన్నమాట. అప్పుడు బండి నిలపడమే మేలు.

పనివానికి అంత తీరికెక్కడిదంటారా? మా దారుల్‌షిఫాకు ఆ పేరు మహమ్మద్ కులీ కుతుబ్‌షా అక్కడ కట్టించిన వైద్యశాల వల్ల వచ్చింది. నాడి పట్టిన హకీము కూడా నాలుగు ప్రశ్నలడిగాకే మందు రాస్తాడు. నాడిని చూపే పెట్టె చేతికొచ్చింది కదా అని ప్రశ్నలు మానుకోవచ్చునా?

డబ్బు తీసేముందు రెండు మాటలు కాగితం మీద రాయించుకోండి, తెలుగులోనో ఉర్దూలోనో: వచ్చిన కోడేమిటి, ఏ పరీక్షతో లోపం తేల్చారు? రెండవదానికి జవాబు లేనిచోట పార్టు కొనకండి.