కాచెడి ఆంటెన్నా

‘‘సూర్యునివంటి నిప్పును భూమిమీద మండించు ప్రయత్నమునకు మన దేశమేల ధనము వెచ్చింపవలెను?’’ అని కొందఱు తలిదండ్రులడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి ప్రత్యుత్తరము నొక చిన్న పరికరమును చూపి చెప్పదలఁచితిని.

ఆంటెన్నా యనఁగానే వార్తలను మోయు కడ్డీయని మనము తలంతుము. 1930వ దశాబ్దమున ఆబిడ్సు దగ్గఱి చిరాగలీ సందులో దక్కను రేడియో పుట్టినది మొదలు మన పట్టణమున కట్టివి పరిచితములే. చంద్రయాన యాత్రలకై కర్ణాటకమందలి బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల పళ్లెరమును హైదరాబాదులోని ఈ.సీ.ఐ.ఎల్. వారే నిర్మించిరి. అది లక్షల మైళ్లనుండి వచ్చు సన్నని సంకేతమును పట్టును. నేను చెప్పునది దానికి విపరీతమైనది. దాని పని వినుట గాదు, కాచుట.

హైడ్రొజను కేంద్రకములు కలిసి శక్తి నీయవలెనన్నచో భూమిపై వాయువును సుమారు 15 కోట్ల డిగ్రీల వఱకు కాచవలెను. ఏ పాత్రయు దాని కాగదు గనుక, టోకమాకను యంత్రములో దానిని అయస్కాంతబలముచే గోడలకు తగులకుండ నిలుపుదురు. లోపల విద్యుత్ప్రవాహమును నడపి కొంత కాచవచ్చును గాని, కాఁగినకొలఁది ప్లాస్మా నిరోధము తగ్గుటచే ఆ యుపాయము చాలదు. అందువలన రేడియో తరంగములు వలయును. ఒక టెస్లా క్షేత్రములో ప్రోటాను సెకనుకు సుమారు 1 కోటి 52 లక్షల పర్యాయములు తిరుగును. ఆ తిరుగుడునకు సరియగు తరంగమును పంపినచో, సమయమెఱిఁగి యుయ్యాల నూపినట్లు దాని వేగము హెచ్చును.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. ప్లాస్మా పలుచనైన యంచులో నీ తరంగము సాగదు. కావున ఆంటెన్నా కొలఁది సెంటిమీటర్ల దూరముననే యుండవలెను. దూరమైనచో శక్తి లోనికిఁ బోక వచ్చిన త్రోవనే మఱలి, గొట్టములలో మెఱుపులు పుట్టించును. మిక్కిలి దగ్గఱయైనచో ఆంటెన్నా లోహమే రేణువులై రాలి ప్లాస్మాను చల్లార్చును. పొయ్యి నూఁదు గొట్టమే పొయ్యిలో నీళ్లు పోసినట్లు! ముందర కడ్డీల తెర కట్టుదురు, లోపల నీరు పాఱింతురు. ఐనను ఈ చిక్కు పూర్తిగా తీఱలేదు.

గాంధీనగరము నొద్ద ప్లాస్మా పరిశోధన సంస్థవారు 1989లో నెలకొల్పిన ‘ఆదిత్య’ యంత్రమున నీ రీతిని పరీక్షించిరి. ఫ్రాన్సులో పలు దేశములు కూడి కట్టుచున్న ఈటరునకు ఈ రేడియోశక్తిని పుట్టించు పరికరముల నిచ్చుట మన దేశము వంతు. అందలి తరంగములు సెకనుకు 4 కోట్లు మొదలు 5½ కోట్ల స్పందనములు గలవి. పాత షార్టువేవు రేడియోలకంటె నొక మెట్టు పైవి, అంతే.

ఇరువదియేండ్లలో ఈ నిప్పు మన యిండ్లకు దీపమగునని చెప్పువారిని నేను నమ్మను. కాని కరెంటు పుట్టుదనుక వ్యయమంతయు వ్యర్థమనుట యొప్పుకొనను. మఱలివచ్చు తరంగమును అదుపులో పెట్టనేర్చిన చేతులు రాడారునకును, వైద్యశాలలోని ఎమ్మార్ యంత్రమునకును పనికివచ్చును. అట్టి చేతులు మనకు కొఱఁతగా నున్నవి. మన బాలబాలికలు సూత్రమును వల్లింతురు. తరంగము మఱలుటను కన్నులారఁ జూచినవారెందఱు? త్రాటి కొనను మేకునకుఁ గట్టి యొకసారి విదల్చిన చాలును, కనఁబడును. దానికైన మన తరగతులలో తీఱిక లేదు.

ఉపాధ్యాయులకును తలిదండ్రులకును నా మనవి యిది. వార్షికోత్సవపు తోరణములకగు సొమ్ములో కొంత తగ్గించి, దగ్గఱనే యున్న కోఠీ గుజరాతీ గల్లీనుండి రాగితీఁగలు, కండెన్సరులు తెప్పించి, ప్రయోగశాలలో నొక రేడియో బల్లను వేయుదము. పదవ తరగతివారు చుట్టిన తీఁగచుట్టను తొమ్మిదవ తరగతివారు పరీక్షించి తప్పులు పట్టుదురు గాక.