హాద్సా సొమ్ములో పిల్లల హక్కు



నఫ్ఖా ఆర్డరు సంచిలో పెట్టుకుని భీమ్‌గల్‌లో ఆర్మూర్ బస్సెక్కే బెహన్‌ను చూడండి. బీడీలు చుట్టి పిల్లలను సాకుతోంది. ఆర్డరుంది, రూపాయి లేదు. ఆ తండ్రికే యాక్సిడెంటై, ట్రిబ్యునల్ లక్షల ముఆవ్జా ఇచ్చిందనుకోండి. వెంటనే మన బుజుర్గులు అడ్డం పడతారు: "అది ఖూన్ కా పైసా, ముట్టుకోవద్దు."

ముట్టుకోవాలనే నేనంటాను.

ఆ సొమ్ములో ఏమేముందో 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడదీసి చెప్పింది. దవాఖానా ఖర్చు వేరు, పడ్డ తక్లీఫ్‌కు వేరు, పోయిన సంపాదనకు వేరు. కాలు పోయినోడి మందుల పైసలు గుంజుకోమని నేననను, అది జుల్మ్. కానీ పోయిన సంపాదన? కాలు బాగుండి సంపాదిస్తే అందులోంచే కదా పిల్లల నఫ్ఖా రావాల్సింది! జీతంలో ఉన్న హక్కు, జీతానికి బదులు వచ్చిన సొమ్ములో ఎట్ల మాయమైతది?

ఖానూన్ కూడా ఇటే ఉంది. తల్లిదండ్రులకు తలాఖ్ అయినా పిల్లల నఫ్ఖా హక్కు పోదని 1997లోనే నూర్ సబా ఖాతూన్ కేసులో తేలింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి: మామూలు అప్పుకైతే జీతంలో మొదటి వెయ్యి, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు కావు. నఫ్ఖా డిక్రీకైతే మూడో వంతుకే ఆ రక్షణ. అంటే సాహుకారు కన్నా బిడ్డ ముందు. జప్తు కానివాటి లిస్టులో మోటార్ ముఆవ్జా పేరు లేదు.

పనిలో దెబ్బ తగిలితే కథ వేరు. 2025లో రద్దయ్యేదాకా 1923 నాటి చట్టం 9వ సెక్షన్ ఆ పరిహారాన్ని జప్తు చేయనివ్వలేదు. మజ్దూర్‌ను అప్పులోళ్ల నుంచి కాపాడే గోడ అది, మంచిదే. సొంత బిడ్డలను అప్పులోళ్ల లైన్లో నిలబెట్టడమే నా ఎతరాజ్. నఫ్ఖాకు అందులో ఒక తలుపు పెట్టాలి.

దీన్ ఒప్పుకోదనే సాబ్‌లకు హింద్ బిన్తె ఉత్బా యాద్ లేదా? శోహర్ కంజూసీ చేస్తున్నాడని ఆమె ఫిర్యాదు చేస్తే, తనకూ పిల్లలకూ సరిపడినంత, మారూఫ్‌గా, అతని మాల్‌లోంచి తీసుకోమని హుజూర్ (స.అ.స.) ఇజాజత్ ఇచ్చారు. అతన్ని అడిగి తీసుకోమనలేదు.

బెహన్‌లూ, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 (పాత 125) కింద బకాయి వసూలుకు ఏడాది లోపలే దరఖాస్తు పెట్టాలి, బుజుర్గుల పంచాయితీలో ఆ ఏడాది పోనీయకండి. అవార్డు సొమ్ము ఇంకా ట్రిబ్యునల్ దగ్గరున్నప్పుడే జప్తుకు వకీల్‌తో అర్జీ వేయించండి. అతని ఖాతాలో పడ్డ వారానికి తమ్ముడి పేర ప్లాటు రిజిస్ట్రీ అయిపోతుంది.