గాయకుడూ, రబ్బరు ముక్కా

టాంగో అనగానే మనవాళ్లకి నోట గులాబీ కరుచుకుని చేసే సినిమా నాట్యమే గుర్తుకొస్తుంది. నా మటుకు నాకు అసలు సంగతంతా పాటలోనే వుంది.

బ్యూనస్ ఐరిస్‌లో 1937లో మరాబూ అనే కాబరేలో ఆనీబల్ త్రోయిలో సొంత ఆర్కెస్ట్రా మొదలెట్టాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు నిండలేదు. చేతిలో బాండోనియన్, అంటే మన హార్మోనియానికి దూరపు చుట్టం. గాయకుడు ఫ్రాన్సిస్కో ఫియొరెంతీనో తొమ్మిదేళ్లు పెద్దవాడు. తనూ ఒకప్పుడు బాండోనియన్ వాయించినవాడే.

అంతకు ముందు డాన్సు ఆర్కెస్ట్రాలో గాయకుడి బతుకేమిటి? మూడు నిమిషాల రికార్డులో లేచి, పల్లవి ఒక్కటీ పాడి కూర్చోవడం. అంతే! త్రోయిలో అతనికి చరణం కూడా యిచ్చాడు. ముందు వాద్యాలు వరస వినిపిస్తాయి, తర్వాత గొంతు ఆ వరసనే అందుకుంటుంది. 1941 నాటి 'తోదా మి వీదా' వినండి. గొంతు వచ్చినా ఆర్కెస్ట్రా పక్కకి తప్పుకోదు, నాట్యం చేసేవాళ్ల అడుగూ తప్పదు. మన కచేరీల్లో మంచి మృదంగం వాయించేవాళ్లకి యీ మర్మం తెలుసు. మన యానివర్సరీ ఆర్కెస్ట్రాలకి మాత్రం యింకా తెలియదు!

దీని వెనక ఒక రబ్బరు ముక్క వుంది. తర్వాత జగత్ప్రసిద్ధుడైన పియాసోల్లా 1939 నుంచి 1944 దాకా యీ బృందంలోనే వుండి, పాటలకి వాద్యరచన చేసేవాడు. కుర్రతనం కదా, స్వరాలు దట్టించేవాడు. త్రోయిలో రబ్బరు తీసుకుని చెరిపేసేవాడు. పియాసోల్లాకి కష్టంగానే వుండేదట. కాని ఆ చెరిపిన జాగాలోనే ఫియొరెంతీనో ఊపిరి తీసుకున్నాడని నా వాదన.

1944లో ఫియొరెంతీనో విడిపోయాడు. పియాసోల్లాయే నాయకుడుగా కొత్త ఆర్కెస్ట్రా పెట్టుకున్నాడు గాని, ఆ వెనకటి వెలుగు రాలేదు. 1955లో మెందోసాలో ప్రమాదంలో పోయాడు. త్రోయిలోకి మాత్రం మరీనో, రూయిస్, రివేరో, గొయెనెచే, ఒకరి తర్వాత ఒకరు దొరికారు. అందుకని "గొప్పంతా నాయకుడిదే, గాయకుడు ఎవడైతేనేం?" అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. గొంతుకి చోటివ్వడం ఆ ఆర్కెస్ట్రా ఎవరి దగ్గర నేర్చుకుంది? ఏడేళ్లు ఫియొరెంతీనో పక్కన వాయించి కాదూ? తర్వాత వచ్చినవాళ్లు సిద్ధంగా వున్న పీట మీద కూచున్నారు.

త్రోయిలో పుట్టిన రోజు జులై 11ని అర్జెంటీనా బాండోనియన్ దినంగా జరుపుకుంటోంది. ఆ రోజున 1943 నాటి 'గరూఆ' రికార్డు కూడా ఒకసారి వేస్తే బాగుండును. వరస త్రోయిలోదే, గొంతు ఫియొరెంతీనోది.