డిటెక్టివ్ లైసెన్సా? ఎవరిస్తారు?

గ్రూప్-2 ప్రిపరేషన్ మూడో ఏడాదిలో నాకు డిటెక్టివ్ అవ్వాలనిపించింది. నవ్వకండి. అశోక్‌నగర్‌లో రూమ్ అద్దె, మెస్ బిల్లు కోసం ఇంట్లో ఎన్నాళ్లని అడుగుతాం? కోచింగ్ పోస్టర్ల మధ్య కరెంటు స్తంభానికి ఓ కాగితం కనిపించింది. 'పార్ట్‌టైమ్ డిటెక్టివ్‌లు కావలెను. లైసెన్సు మేమే ఇప్పిస్తాం. ఫీజు 4,000.'

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని మా నాన్న పాత పుస్తకాల్లో చదివినవాణ్ని. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' మూడుసార్లు చూసినవాణ్ని. కట్టేశాను. చేతికొచ్చింది నా ఫొటో, పక్కన నక్షత్రం బొమ్మ ఉన్న లామినేషన్ కార్డు.

"ఇదేనా సార్ లైసెన్సు?"

"ఇంతకు మించింది ఇండియాలో లేదు తమ్ముడూ."

ఆయన చెప్పినవాటిలో నిజం అదొక్కటే. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌లకు లైసెన్సిచ్చే చట్టమే లేదు. సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకు 2005 చట్టం ఉంది, లైసెన్సు తప్పనిసరి. డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007 ఆగస్టులో రాజ్యసభలో బిల్లు పెట్టారు. లైసెన్సు, నియంత్రణ బోర్డులు అన్నీ అందులో రాశారు. అది చట్టం కాలేదు. ఆఫీసు గోడకు తగిలించే కాగితాలేమో కంపెనీ రిజిస్ట్రేషనో, జీఎస్టీ నంబరో అయ్యుంటాయి. కిరాణా కొట్టుకీ అవి ఉంటాయి. అదే కాలిఫోర్నియాలో అయితే మామూలుగా 6,000 గంటల పని అనుభవం చూపించి, పరీక్ష పాసైతేగానీ లైసెన్సు రాదు. మనకు పాస్‌పోర్ట్ సైజు ఫొటో చాలు.

మొదటి కేసు పెళ్లి సంబంధం ఎంక్వైరీ. అమ్మాయి కూడా మాలాగే ప్రిపేరవుతోంది. రోజంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే. నేనూ అక్కడే కూర్చుంటాను కాబట్టి పని నాకిచ్చారు. ఎవరితో టీ తాగుతోంది, ఎన్నింటికి వెళ్తోంది, రాత్రి వాట్సాప్‌లో ఎప్పటిదాకా ఆన్‌లైన్‌లో ఉంటోంది... స్క్రీన్‌షాట్లతో సహా పంపాలి. నంబరు వాళ్లే ఇచ్చారు. నాలుగు రోజులు పంపాను.

ఐదో రోజు ఆమే నా టేబుల్ దగ్గరికొచ్చింది. "అన్నా, నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా. ఏమైనా కావాలా?"

నా ముందు పాలిటీ నోట్స్ తెరిచి ఉంది. పుట్టస్వామి తీర్పు, 2017, గోప్యత ప్రాథమిక హక్కు. ఎర్ర స్కెచ్‌తో నేనే గీసుకున్నా. ఏం చెప్పాలో తెలియక "పెన్ను ఉందా?" అన్నాను. ఇచ్చింది. మర్నాటి నుంచి లైబ్రరీకి రాలేదు. పరీక్షకు మూడు వారాలుంది.

ఆ పెన్ను నా దగ్గరే ఉంది.

అప్పుడు చదివాను భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78. మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెట్టడం కూడా స్టాకింగే. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. నేరాలు ఆపే, పట్టుకునే బాధ్యత ప్రభుత్వం అప్పగించినవాళ్లకు మినహాయింపు ఉంది. నాకు అప్పగించింది ప్రభుత్వం కాదు, పెళ్లికొడుకు మేనమామ.

ఈ పని నిజంగా ఇష్టమైతే మానేయమనను. ఈ-కోర్ట్స్ సైటులో పేరు కొట్టి కేసులు వెతకొచ్చు. ఆస్తికి ఈసీ తీయొచ్చు. కంపెనీ డైరెక్టర్లెవరో కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో దొరుకుతుంది. ఉద్యోగుల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే కంపెనీల్లో నెల జీతానికి చేరొచ్చు. అందులో ఎవరి వెనకా నడవక్కర్లేదు. కాల్ డేటా తెప్పిస్తామనేవాళ్ల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. 2018లో ఠాణే పోలీసులు ఆ వ్యాపారం మీద పెట్టిన కేసులో ప్రైవేట్ డిటెక్టివ్‌లే అరెస్టయ్యారు. లైసెన్సు ఫీజు అడిగితే, ఏ చట్టం కింద అని ఒక్క ప్రశ్న వేయండి. నేను వేయలేదు.

నా 4,000 ఎలాగూ రావు. నేను పంపిన స్క్రీన్‌షాట్లు ఇప్పుడు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో తెలీదు. "డిలీట్ చేయండి సార్" అని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. రెండుసార్లూ నీలం టిక్కులు వచ్చాయి.