డబ్బాల లెక్క కాదు, హక్కుల లెక్క

2022 మార్చిలో అమెజాన్ కంపెనీ హాలీవుడ్ స్టూడియో ఎంజీఎంను 845 కోట్ల డాలర్లకు కొన్నది. 4,000కు పైగా సినిమాలు, 17,000 టీవీ ఎపిసోడ్లు చేతికొచ్చాయన్నారు. భాగిస్తే ఒక్కో సినిమా ధర తేలుతుందా? తేలదు.

ఎంజీఎం అనగానే యాదికొచ్చే 'గాన్ విత్ ద విండ్' అందులో లేనేలేదు. 1986లో టెడ్ టర్నర్ ఆ కంపెనీని కొన్నాడు. అప్పు మోయలేక స్టూడియోను తిరిగి అమ్మేశాడు గానీ పాత సినిమాల హక్కులు వదల్లేదు. చేతులు కాల్చుకున్నాడని అందరూ నవ్వారు. ఆ సినిమాలతోనే 1988లో టీఎన్‌టీ చానల్ నడిపించాడు. గర్జించే సింహం ఒకరి దగ్గర, అది వేటాడి తెచ్చింది ఇంకొకరి దగ్గర!

కాబట్టి విలువ కట్టేవాడు డబ్బాలు లెక్కపెట్టడు. ఏ హక్కు, ఏ దేశంలో, ఇంకా ఎన్నేళ్లు, ఏటా ఎంత తెస్తున్నది అని అడుగుతాడు. మన చట్టంలో సినిమా కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే. 1957 నాటి 'మాయాబజార్'కు అది 2017తో తీరిపోయింది. జనాదరణ వేరు, అమ్ముకోగల హక్కు వేరు.

ఈ లెక్కల్లో మొదట ఎగిరిపోయేది పాట రాసినవాడి వాటా. థియేటర్ బయట పాటను వాడుకుంటే వచ్చే రాయల్టీలో కవికి, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉండాలని 2012 సవరణ చెప్పింది. వదులుకుంటున్నామని వారితో రాయించుకున్నా చెల్లదు. ఆ వాటా తీయకుండా కట్టిన ధర దొంగలెక్క. గంపగుత్త కాగితం మీద సంతకం అడిగేవారిని, నిర్మాతల వారసులైనా కవుల వారసులైనా, ముందు ఆ వాటా ఎక్కడ రాశారో చూపించమనాలి.