లేని సూక్ష్మజీవికి ఎన్నాళ్ళు మందులు?

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే దారిలో గోడల మీద పురుషుల వ్యాధులకు గ్యారంటీ వైద్యమనే ప్రకటనలు చూసే ఉంటారు. వాటిని నమ్మినవారిని నేను తప్పుపట్టలేను. పట్టభద్రులమైన మేము వ్రాసే చీటీలు దీర్ఘకాల ప్రోస్టేట్ తాపం విషయంలో అంతకంటే గొప్పగా ఏమీ లేవు.

వృషణాలకూ మలద్వారానికీ నడుమ నొప్పి, మూత్రంలో మంట, స్ఖలన సమయంలో బాధ. సిమెంటు లారీలు నడిపేవారు, దుకాణంలో పగలంతా కూర్చునేవారు ఇంట్లో ఆడవారికి కూడా చెప్పుకోలేక, ధాతునష్టమేమోనని కుమిలిపోయి, చివరకు మా వద్దకు వస్తారు. మేము సిప్రోఫ్లాక్ససిన్ వ్రాస్తాం. తగ్గకపోతే లీవోఫ్లాక్ససిన్. అప్పటికీ తగ్గకపోతే మరో నెల. ప్రభుత్వ కొలువులో నేనూ ఇలాగే వ్రాశాను. మూత్రాన్ని కల్చరుకు పంపినవి తక్కువ, పంపకుండా వ్రాసినవి ఎక్కువ.

1999లో ప్రకటితమైన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వర్గీకరణ ఈ వ్యాధిని నాలుగు తరగతులు చేసింది. రెండవ తరగతిలో సూక్ష్మజీవులుంటాయి. మూడవ తరగతిలో నొప్పే ఉంటుంది, సూక్ష్మజీవి దొరకదు. దీర్ఘకాలం బాధపడేవారిలో నూటికి తొంభైకి పైగా ఈ మూడవ తరగతివారే. 2004లో వెలువడిన పరిశోధనలో 196 మందికి ఆరు వారాలు సిప్రోఫ్లాక్ససిన్, టామ్సులోసిన్, రెండూ కలిపి, లేదా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. అసలు మందులు ఉత్తుత్తి మాత్రల కంటే మేలు చేసినట్లు తేలలేదు.

“మా రోగులకు తగ్గింది కదా” అంటారు మిత్రులు. తగ్గవచ్చు. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ కొందరికి తగ్గింది. ఇది దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ సాగే వ్యాధి. తగ్గిన ఘనత మందుకు ఇచ్చి, తిరగబెట్టిన నింద రోగిపై వేయడం న్యాయమా?

పోనీ, నష్టమేమిటంటారా? ఈ జాతి మందులతో మడమ వెనుక స్నాయువు తెగే ప్రమాదముంది. అరవై దాటినవారిలో అది మరింత ఎక్కువ. 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అతి తీవ్రమైన హెచ్చరికను వీటిపై ముద్రింపజేసింది. మన దేశంలో మరో చిక్కు: ఇవి క్షయ క్రిములపైనా పనిచేస్తాయి. లోపల క్షయ ఉంటే కొన్నాళ్ళు మరుగుపడి, నిర్ధారణ ఆలస్యమవుతుంది.

మందులే వద్దని నా వాదన కాదు. గ్రంథిని మర్దించక ముందు, మర్దించిన తరువాత మూత్రం తీసి కల్చరు చేయించండి. క్రిమి కనబడితే దానికి తగిన మందు నాలుగు నుంచి ఆరు వారాలు పూర్తిగా వాడండి. కనబడకపోయినా, వ్యాధి కొత్తదైతే ఒక్కసారి ప్రయత్నించడాన్ని తప్పనను. రెండవసారి తప్పే. అప్పుడు చూడవలసింది కటి కండరాల బిగువును. వాటిని సడలించే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చోవడం, గంటకొకసారి లేచి నడవడం ఉపశమనమిస్తాయి. మనసులోని దిగులుకూ చికిత్స కావాలి.

చలిజ్వరంతో మూత్రం బిగిస్తే మాత్రం ఇవేవీ వర్తించవు. అది తీవ్ర తాపం. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ యాంటీబయాటిక్ ఇస్తే కాదనకండి.